కొలిచినవాడు, ఏలినవాడు

కోనసీమలో రీసర్వే పేర పొలములమీద డ్రోనులు తిరుగుట మొదలైననాటినుండి అరుగులమీదను, కోర్టు వరండాలలోను హద్దురాళ్లను గూర్చియు, పాసుపుస్తకములను గూర్చియు నడచినంత చర్చ మరి దేనిని గూర్చియు నడవలేదు. ఆ చర్చలలో ఒకటి కొత్తపేటలో ఒక పెండ్లివారింట, భోజనములైన పిదప, ఇద్దరు వియ్యంకుల నడుమ జరుగగా వింటిని. ఒకరు రాజోలు ప్రాంతమువారు. 1984 జనవరిలో ప్రభుత్వము కరణీకములను రద్దుచేయువరకు తాతతండ్రులనాటి దప్తరమును కాపాడిన కరణముగారు. రెండవవారు అమలాపురము కోర్టులో భూమి వ్యాజ్యములు నడుపుచునే తల పండిన ప్లీడరుగారు. డ్రోనులతో మొదలైన మాట రెండువందల యేండ్ల వెనుకకు, పొలమును కొలుచుటతో పరిపాలనాజీవితమును ఆరంభించి మద్రాసు గవర్నరు పదవితో ముగించిన సర్ థామస్ మన్రో యొద్దకు పోయినది. ఇరువురును చదివినవారు, ఇరువురును తమ పక్షమును మనసార నమ్మినవారు. కావున వారి మాటలను వీలైనంతవరకు వారి క్రమముననే వ్రాయుచున్నాను.

కరణముగారు: బావగారూ, ఈ యంత్రము చేయు పనిని చూచి జనులు వింతపడుచున్నారుగాని పని కొత్తది కాదు. విశాలమైన తెలుగు సీమలో పొలముపొలమును గొలుసు పట్టించి కొలిపించి, కొలిచిన ప్రతి చెక్కకు ఒక సంఖ్యనిచ్చి, ఆ సంఖ్యకెదుట జమీందారు పేరు గాక రైతు పేరు వ్రాయించినవాడు మన్రోదొర. గ్లాస్గో నగరమున 1761లో పుట్టినాడు. తండ్రిది వర్జీనియా పొగాకు వర్తకము. అమెరికా స్వాతంత్ర్యయుద్ధము వచ్చి ఆ వర్తకము కూలిపోగా, గణితమన్న ప్రీతిగల ఆ పిల్లవాడు 1780లో మద్రాసు రేవున సైన్యపు క్యాడెట్టుగా దిగెను. పండ్రెండేండ్లు కత్తి పట్టిన తరువాత, 1792లో టిప్పు సుల్తాను వదలుకొనిన బారామహలులో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ క్రింద చేరి, ఏడేండ్లు పొలముగట్లు తొక్కి, శిస్తు అనునది కచేరీలో కూర్చుండి కట్టునది కాదనియు, చేను చూచి, చేనివానితో మాటలాడి కట్టవలసినదనియు గ్రహించెను. గుడారమే కచేరీగా, చెట్టునీడయే న్యాయస్థానముగా బ్రదికిన అధికారి యాతడు. దొరలలో అట్టివారు ఎందరుందురు?

ప్లీడరుగారు: గ్రహించెననుట నిజమే. ఎవరికొరకు గ్రహించెనో అదికూడ చెప్పవలెను గదా బావగారూ! బారామహలు టిప్పునుండి గెలిచిన నేల. కెనరాసీమ 1799లో టిప్పు పడిపోయిన తరువాత చేజిక్కిన నేల. 1800లో నిజాము దత్తమండలములను, అనగా బళ్లారి, అనంతపురము, కడప, కర్నూలు ప్రాంతములను, సైన్యపు ఖర్చు క్రింద ఈస్టిండియా కంపెనీకి వ్రాసి యిచ్చెను. మన్రో గొలుసు దిగినచోటెల్ల దానికి ముందు ఫిరంగి దిగియున్నది. దత్తమండలములలో సుమారు ఎనుబదిమంది పాలెగాండ్రు ఉండిరి. వారిలో ఎదిరించినవారి కోటలు పడినవి, లొంగినవారికి పింఛనులు దక్కినవి. ఆ నిప్పు నలుబదియేండ్ల తరువాత కూడ చల్లారక, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటై లేచినది. కొలత అనునది దేశమును చూచు ప్రభువు కన్ను. రైతు తన చేను ఎంతయో ఎరుగుటకు గొలుసుతో పనిలేదు. వాని కాలికే తెలియును. తెలియనివాడు దూరమునుండి వచ్చిన ప్రభువు.

కరణముగారు: రైతు కాలికి తెలిసినది ప్రభువునకు తెలియనంతకాలము ఆ నడుమ ఎవరుందురో నేను చెప్పెదను వినుడు, నేను కరణమును, నా వంశపు మాట నేనే చెప్పవలెను. ఆ నడుమ ఉండువాడు మధ్యవర్తి. ఇజారాదారు కావచ్చును, పాలెగాడు కావచ్చును, కవిలెకట్టను చంకబెట్టుకొన్న కరణమైనను కావచ్చును. రాయలకాలపు లెక్కలు ఉన్నవి, నవాబులకాలపు లెక్కలు ఉన్నవి. ఐనను ఏ సర్వే నంబరులో ఎంత నేల ఉన్నదని ఏ రైతైనను ఒక కాగితము చూపి అడుగగలిగెనా? 1802లో మన్రో తన పైమాయిషీని, అనగా భూమి కొలతను, నలుగురు గుమాస్తాలతో మొదలుపెట్టెను. పని తెలిసినవారు లేరు. ఈ నలుగురు మరి కొందరికి నేర్పగా, వారు ఇంకను కొందరికి నేర్పగా, దండు పెరిగెను. గొలుసు పొడవు ముప్పదిమూడడుగులు. ఆ గొలుసు నలుదిక్కుల ఒకసారి వేసిన చతురము గుంట. నలుబది గుంటలు ఒక యెకరము. లెక్క తెలియని కాపు కూడ వ్రేళ్లమీద సరిచూచుకొనగల కొలత. కొలిచినవారి వెనుక తనిఖీదారులు. వారి వెనుక నేల గుణమును నిర్ణయించువారు. ఈ కడపటివారు గ్రామమునకు పోయి, రెడ్డిని, కరణమును, రైతులను కూర్చుండబెట్టి, ఇది నల్లరేగడి, ఇది ఎఱ్ఱనేల, ఇది చెఱువు క్రింది మాగాణి, ఇది వానమీది మెట్ట అని తరములు పెట్టిరి. తప్పు వ్రాసినవాని తప్పు పట్టుటకు ప్రక్కఊరి కరణమును తెప్పించిరి. నాలుగైదేండ్లలో అంత దేశమును అట్లు కొలిచి ముగించుట సామాన్యమా? నేను ఒక్క ఊరికి అడంగలు, అనగా సాగు లెక్క, వ్రాసినవాడను. ఆ శ్రమ యెట్టిదో నాకు తెలియును.

ప్లీడరుగారు: శ్రమకు నమస్కరింతును. నా ఆక్షేపణ గొలుసుమీద కాదు, గొలుసు ముగిసిన పిదప కాగితముమీద వ్రాసిన అంకెమీద. నూటికి నలుబదియైదు పాళ్లు! పండిన పంటలో దాదాపు సగము సర్కారునకు. విత్తనము, ఎద్దులు, కూలి, కరవులు, ఇవి యన్నియు మిగిలిన సగములోనుండియే గడువవలెను. కొలత ఎంత సరియైనదో బిగింపు అంత గట్టిదగును. పూర్వము అంచనా తప్పులవలన రైతునకు అక్కడక్కడ చిక్కిన ఊపిరికూడ సరియైన కొలతవలన పోయెను. దొంగలెక్క అన్యాయమే, ఒప్పుకొందును. కాని భారమైన శిస్తుమీద ఖచ్చితమైన లెక్క దానికన్న పెద్ద అన్యాయము.

కరణముగారు: ఆ మాట మొట్టమొదట అన్నది ఎవరు? మన్రోయే! 1807లో దత్తమండలములను విడిచి స్వదేశమునకు పోవుటకు ముందు వ్రాసిన నివేదికలో, భూములన్నిటిమీదను నూటికి ఇరువదియైదు చొప్పున శిస్తు తగ్గింపవలెననియు, బావుల క్రిందను చెఱువుల క్రిందను నున్న మాగాణికి ఇంకను ఎనిమిది చొప్పున తగ్గింపవలెననియు, రైతు తాను చేయగలిగిన నేలను ఉంచుకొనుటకును, చేయలేనిదానిని వదలుకొనుటకును స్వేచ్ఛ యుండవలెననియు తానే కోరెను. శిస్తు మూడవపాలునకు మించినచో నేలకు విలువ యుండదనియు, కొనువాడును అమ్మువాడును లేని భూమి ఆస్తి కానేరదనియు ఆతని సిద్ధాంతము. ఆ సిఫారసును త్రోసిపుచ్చినది పైవారు. కంపెనీకి యుద్ధముల ఖర్చు. మద్రాసు బోర్డువారికి బెంగాలునందలి జమీందారీ పద్ధతిమీద మోజు. తగ్గింపు ఇవ్వకపోగా, రైతుతోనే నేరుగా శిస్తు కుదుర్చుకొను రైతువారీనే ఎత్తివేసి, గ్రామములను మూడేండ్లకు, పిమ్మట పదియేండ్లకు గుత్తలకిచ్చిరి. గుత్తదారులు దివాలాతీసిరి, ఊళ్లు చితికిపోయినవి.

ప్లీడరుగారు: చూచితిరా! మంచి సర్వేయరు ఒకడు పుట్టినంతమాత్రమున రైతు బాగుపడడని మీ నోటనే వచ్చినది.

కరణముగారు: అందుకే గదా ఆతడు సర్వేయరుగా ఆగిపోలేదు! నేను మన్రోను పూజించుట అచ్చటనే. కొలత ఒకచేత, రాజ్యతంత్రము ఒకచేత నుండవలెనని తెలిసికొని లండనులో ఆరేండ్లు కూర్చుండి, కంపెనీ డైరెక్టర్లకు మహజరులు వ్రాసి, 1813లో చార్టరు పునరుద్ధరణ సందర్భమున కామన్సు సభయెదుట సాక్ష్యమిచ్చెను. ఆ సాక్ష్యములో భారతీయుల వ్యవసాయమును, చేతిపనులను, పల్లెపల్లెనున్న బడులను, ఆతిథ్యమును, స్త్రీలయెడ వారు చూపు గౌరవమును కొనియాడి, నాగరికత అనునది సరకు వలె ఓడలలో పోవునదైనచో దిగుమతి చేసికొని లాభపడునది ఇంగ్లండే యగునని చెప్పెను. జయించినవాని నోట, జయించిన దినములలో, అంతటి సభలో ఆ మాట వచ్చుట సామాన్య విషయము కాదు. 1814లో తిరిగివచ్చి, న్యాయవ్యవస్థను సంస్కరించు సంఘమునకు అధ్యక్షుడై, 1816 రెగ్యులేషనులతో గ్రామ మునసబులకు చిన్న దావాలు తీర్చు అధికారమును, దేశీయులైన జిల్లా మునసబులకు విస్తృతాధికారమును ఇప్పించెను. మీ వృత్తిలో మనవాడు న్యాయపీఠముమీద కూర్చుండుటకు వేసిన తొలిమెట్లలో అది యొకటి. 1820లో గవర్నరై వచ్చిన పిదప, పదమూడేండ్లక్రిందట తాను కోరి పొందలేకపోయిన శిస్తు తగ్గింపును తానే దత్తమండలములకు ఇచ్చెను. అడిగిన చేతికే ఇచ్చు అధికారము వచ్చినది, వచ్చినపుడు మరువలేదు.

(ఇచ్చట నేనొక మాట చెప్పవలయును. మన్రో చరిత్రలో నన్ను అన్నిటికన్న ఎక్కువగా కదిలించునది ఈ ఘట్టమే. పదవి లేనపుడు ధర్మము పలుకువారు అనేకులు. ఆ పలుకును దాచుకొని పదవి వచ్చిననాడు తీసి నెరవేర్చువారు అరుదు. ఆ సీమలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరనుటలో నాకు ఆశ్చర్యము లేదు. ఐనను ప్లీడరుగారి ముఖమున ఈ మాటకు ఏ మార్పును రాలేదు. ఆయన పెండ్లిపందిరి గుంజకు చేరగిలి, చెప్పవలసినది ఇంకను కలదన్నట్లు నిదానముగా వినుచుండిరి.)

ప్లీడరుగారు: బావగారూ, మీరు దయను చూపించుచున్నారు, నేను దయ ఎవరి చేతిలో నుండవలెనని అడుగుచున్నాను. 1822లో ఆ మహానుభావుడే, ఈ దేశమున పత్రికలకు స్వేచ్ఛ ఇచ్చుట రాజ్యమునకు చేటు తెచ్చునని మినిటు వ్రాసెను. రైతు చేను కొలువవచ్చును గాని, రైతు తన గోడు అచ్చువేయించుకొనరాదు! స్వతంత్రముగా మాటలాడు పత్రికయు, అన్యదేశీయుల ప్రభుత్వమును ఒకచోట ఇముడవని ఆతడు స్పష్టముగా ఎరిగియుండెను. ఎరిగి, పత్రికను వదలుకొనెను, ప్రభుత్వమును వదలుకొనలేదు.

కరణముగారు: ఆ మినిటు నేనును చదివితిని, దానిని సమర్థింపను. కాని అదే 1822లో అదే గవర్నరు, ఈ మద్రాసు రాజధానిలో, అనగా ప్రెసిడెన్సీలో, ఎన్ని బడులున్నవో, ఎందరు చదువుచున్నారో, జిల్లావారీగా లెక్క తీయుడని కలెక్టర్లకు ఉత్తరువు పంపెను. 1826లో తేలిన లెక్కనుబట్టి రాజధాని మొత్తముమీద 12,498 బడులు. దానిలో మనకు గర్వకారణమగు సంగతి యొకటి యున్నది. మన కోనసీమ చేరియున్న రాజమహేంద్రవరము జిల్లాలో వేదశాస్త్రములు చెప్పు విద్యాస్థానములు 279 అని కలెక్టరు వ్రాసెను. తక్కిన జిల్లాలలో దేనికిని ఆ సంఖ్య లేదు. మన అగ్రహారములలో గురువుల వీథి అరుగులమీద జరిగిన పాఠము సర్కారు కాగితములకెక్కినది మన్రో అడుగుటచేతనే. మరి 1824 డిసెంబరు చివర వ్రాసిన దీర్ఘమైన మినిటులో, ఈ దేశీయులను పెద్ద యుద్యోగములకు దూరముగా నుంచుట వారి శీలమును దిగజార్చుటయే యనియు, ఏనాటికైనను వారు తమ్ము తామే పాలించుకొనగలవారగుదురనియు, ఆనాడు బ్రిటిషువారి అధికారము తొలగుటయే మేలనియు చెప్పెను. అరువది యేండ్ల తరువాత కాంగ్రెసు పుట్టిన సంగతి తలంపుడు.

ప్లీడరుగారు: ఏనాటికైనను! ఆ యేనాటికో అనునదే పాలకుని భాష. సరే, దానిని ఉండనిండు. మన్రో మన గోదావరి సీమను కొలువలేదు. 1802-03లో ఇచ్చట పెట్టినది శాశ్వత పైసలా, అనగా జమీందారులతో శాశ్వతముగా కుదుర్చుకొనిన శిస్తు. సర్కారు హవేలీ భూములను ముఠాలుగా, అనగా చిన్న ఎస్టేటులుగా, కోసి వేలము వేసిరి. ఈ కోనసీమకు నేడు పచ్చదనము తెచ్చినది గొలుసు కాదు, నీరు. ధవళేశ్వరము ఆనకట్టయు, నగరము లంకలోనికి నీరు దాటించిన గన్నవరము అక్విడక్టును లేకున్నచో, మీ రాజోలు తాలూకాలో కొలుచుటకు పైరెక్కడ? మన ఊరూర ఆ ఆనకట్ట కట్టించిన కాటనుదొర విగ్రహమేగాని మన్రో విగ్రహము కానరాదు. మద్రాసు మౌంటురోడ్డున గుఱ్ఱముమీద నున్న ఆ కంచు మన్రోకు మనతో ఏమి సంబంధము?

కరణముగారు: సంబంధము లేకపోవుటయే మన దుఃఖమునకు మూలమని నా వాదము. ఇచ్చట కొలవలేదు. కొలవకయే ముఠాలు వేలము వేసిరి. ఎక్కువ పాడినవానిది ముఠా. పాడినదానిని రాబట్టుటకు వాడు రైతును పిండెను. పిండియు చెల్లింపలేక తాను మునిగెను. ఇంతలో కరవులు. 1821లో ఏడు లక్షలకు మించియున్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య ఇరువదియేండ్లలో ఆరు లక్షలకు లోబడినది. చచ్చినవారు చావగా, బ్రదికినవారు వలసపోయిరి. 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ వచ్చి ఈ జిల్లా దుస్థితిని విచారించి నివేదిక వ్రాసిన పిదపనే గదా కాటను ఆనకట్ట ప్రతిపాదన ముందునకు సాగినది? కాటను తానును మొదట గోదావరి తీరమున మట్టములు కొలుచుచు తిరిగినవాడే. 1847లో మొదలై 1852లో ఆనకట్ట ముగిసినది. నీరు వచ్చిన తరువాత ఏ చేనికి ఎంత నీరు, ఏ చేనికి ఎంత శిస్తు అను ప్రశ్న వచ్చినది. 1858లో మద్రాసు ప్రభుత్వము సర్వే శాఖను, సెటిల్మెంటు శాఖను నెలకొల్పి పొలములను కొలిపించినది. ఆనాటి పద్ధతికి తాత మన్రో. ఒకటి గుర్తుంచుకొనుడు: 1948లో ఎస్టేటులను రద్దుచేసి వానిని రైతువారీలోనికి మార్చు చట్టమును మద్రాసు శాసనసభలో నడిపించిన రెవిన్యూ మంత్రి ఎవరు? మన ముక్కామలలో పుట్టిన కళా వెంకటరావుగారు! మన్రో దత్తమండలములకు చేసినది, నూటనలుబది యేండ్ల పిమ్మట, కోనసీమవాడు జమీందారీ రైతులందరికిని చేసెను.

(ఈ మాటకు వినుచున్నవారిలో కొందరు తలలూపిరి. ప్లీడరుగారు మాత్రము కొంతసేపు ఊరకుండి, ఇంతకుముందు వాదించిన స్వరమును విడిచి, ఆర్ద్రమైన గొంతుతో మాటలాడిరి.)

ప్లీడరుగారు: వెంకటరావుగారి పేరు మీరు తెచ్చితిరి కావున, నేను దాచుకొన్న ప్రశ్నను అడిగెదను. మీరు ఇందాకటినుండి ‘రైతు పేరు’, ‘రైతు పేరు’ అనుచున్నారు. మన్రో చిట్టాలో వ్రాసినది ఒక చేనికి ఒక పేరు. ఆ పేరువాడే దున్నిననాడు ఆ చిట్టా ధర్మమే. నేడు మన కోనసీమలో ఆ పేరువాడు ఎచ్చటనున్నాడు? హైదరాబాదులోనో, అమెరికాలోనో, లేదా నా వలె అమలాపురములో కోటు తొడిగికొనియో ఉన్నాడు. చేనిలోనున్నవాడు కౌలుదారుడు. ఆతని పేరు అడంగలులో లేదు. మునిగినపుడు నష్టపరిహారము పట్టాదారునకు; బ్యాంకు అప్పు పట్టాదారునకు; పంట పోయిన దుఃఖము మాత్రము కౌలుదారునకు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని ఖరీఫు పంటకు విరామము ప్రకటించిరి. దేశమంతయు దానిని గూర్చి చెప్పుకొనెను. ఆ యేడు సొంతభూమి లేని కౌలుకుటుంబములు ఎట్లు గడుపుకొన్నవో నా కోర్టు గుమాస్తాలకు తెలియును. లంకభూముల సంగతి ఇంకను విచిత్రము: గోదావరి పాయయైన వైనతేయము ఒక గట్టును కోసి వేరొక గట్టున మేట వేసినపుడు సర్వే నంబరు నీటిలోనుండును, సాగుచేయువాడు ఇసుకమీద నుండును. మీ మన్రో గొలుసు ఎన్నడును ఆ మనిషిని కొలువలేదు.

కరణముగారు: కొలువలేదు. ఒప్పుకొందును. కాని కౌలుదారునకు చట్టములు లేకపోలేదు గదా. 1956 నాటి కౌలు చట్టము కలదు. 2011లో కౌలుదార్లకు అర్హతకార్డులు పుట్టినవి. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టము వచ్చి పదునొకండు నెలల కార్డు ఇచ్చుచున్నారు.

ప్లీడరుగారు: కార్డు కావలెనన్నచో పట్టాదారు సంతకము కావలెను. పట్టాదారు సంతకము చేయడు. ఎందుకనగా, ఒకసారి కాగితముమీద కౌలుదారు పేరు పడినచో భూమి చేజారునేమో యని భయము. 1956 చట్టము వచ్చినది మొదలు కోనసీమలో కౌలు అంతయు నోటిమాటమీదనే నడచుటకు కారణము ఆ భయమే. రక్షించుటకు చేసిన చట్టము చూచి జనులు వ్రాయుటయే మానిరి. బావగారూ, మీకు రాజోలువద్ద నున్న మాగాణి కౌలుకిచ్చియున్నారు. ఆ కౌలుదారుని కార్డుమీద మీరు సంతకము చేసితిరా?

కరణముగారు: చేయలేదు. నాకు ఆ మనిషిమీద అపనమ్మకము లేదు. వాని తండ్రియు మా చేనే చేసెను. చట్టముమీద అపనమ్మకము. రేపు ప్రభుత్వము మారి ఆ కార్డునకు వేరొక అర్థము కల్పించినచో నా పిల్లలకు నేనేమి చెప్పుదును? 2023లో అమలైన భూహక్కు చట్టము మరుసటి యేడే రద్దగుట మీరును చూచితిరి.

ప్లీడరుగారు: ఈ మాటయే 1807లో మద్రాసు బోర్డువారు మన్రోతో అనిరి. రైతు పేరు వ్రాసినచో ఆదాయము స్థిరముగా నుండదు, చేయునో మానునో తెలియని పేదవానిమీద రాజ్యము ఆధారపడరాదు, నమ్మదగిన మధ్యవర్తి పేరు వ్రాసికొనుట క్షేమము అనిరి. మన్రో ఏమి చేసెను? పదమూడేండ్లు వాదించి, చేనిలోనున్నవాని పేరే వ్రాయించెను. మీరు ఆతనిని పూజింతునంటిరి.

కరణముగారు: వాదించెను. కాని గొలుసు ముందు వేసి, పిదప వాదించెను. కొలత లేక వాదన లేదు. కౌలుదారుని పేరు చేర్పవలెనన్నను, ఏ చేనిలో, ఏ హద్దుల నడుమ, ఎన్ని కుంచముల నేలలో చేర్పవలెనో చెప్పుటకు ఆ కొలత పుస్తకమే కావలెను. మీరు దానిని ప్రభువు కన్ను అంటిరి. నేను దానిని పేదవాడు తన పేరు అడుగుటకు ఉన్న ఏకైక తావు అందును. ఇందులో మీరును నేనును ఏకీభవింపము.

ప్లీడరుగారు: ఏకీభవింపవలసిన పనియు లేదు. నాకు కావలసినది సంతకము. ఒప్పందము నేను వ్రాసెదను. కౌలు హక్కు పదునొకండు నెలలకు మించదనియు, యాజమాన్యమునకు దానితో సంబంధము లేదనియు, చట్టములో నున్న మాటలతోనే, మీ పిల్లలు చదివినను భయపడనట్లు వ్రాసెదను. మీరు ఆ కౌలుదారుని వెంటబెట్టుకొని గ్రామ సచివాలయమునకు రావలెను.

కరణముగారు: ముందు హద్దులు సరిచూడవలెను. ఈ డ్రోనువారు నా తూర్పుగట్టును రెండు సెంట్లు లోపలికి జరిపిరి. సర్వేయరును పిలిపించి, పాత ఎఫ్.ఎం.బి., అనగా పొలము కొలతల పుస్తకము, దగ్గర నుంచుకొని, రాళ్లు చూచుకొన్న తరువాత మీ ఒప్పందము తెండు, చదివి చూతము.